పెద్దోడి తెప్ప

మా ఇళ్ళలో పేర్లు పెట్టడమే గాని ఆ పేర్లతో పిలుచుకోవడం లేదు. మొదట పుట్టిన మగపిల్లాడు పెద్దోడు, తర్వాతవాడు చిన్నోడు, మధ్యలో ఇంకొకడుంటే వాడు నడిపోడు. వీళ్ళందరికన్నా ముందు పుట్టిన నన్ను గుంట, అంటే ఆడపిల్ల, అన్నారు. నలభై దాటి, ఉక్కునగరం స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచర్నయ్యాక కూడా మా అమ్మకి నేను గుంటనే. ఫిషింగ్ హార్బర్ పక్కన మా పేటలో నిలబడి "ఒరే పెద్దోడా" అని కేకేస్తే పది గుమ్మాల్లోంచి పది తలలు బయటికొస్తాయి. చిన్నప్పుడు అలా కేకేసి పారిపోవడం మాకో ఆట. అందులో భయపడాల్సిందేదో ఉందని నాకు ఆ రోజు వరకూ తెలియదు.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఫోన్లో వచ్చిన ప్రతి చెత్తనీ వెనకాముందూ చూడకుండా పదిమంది మీదికి తోసేసే వాళ్ళని చూస్తే మరీను, ఒళ్ళు మండిపోతుంది. మా చుట్టాల గ్రూపులో ఎవరు ఏం పెట్టినా నేను ఊరుకునేదాన్ని కాదు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే షుగరు పోతుందని మా చిన్నాన్న పెడితే "ముందు నువ్వు నెలరోజులు పుక్కిలించి, రక్తపరీక్ష కాగితం పెట్టు" అన్నాను. రెండు తలల తిమింగలం బొమ్మ పెట్టిన అత్తని, అది కంప్యూటర్ గీసిన బొమ్మని ఒప్పుకునేదాకా వదల్లేదు. "అక్కొచ్చింది, ఫోన్లు దాచీండ్రా" అని తమ్ముళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. మా ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చి, అన్నం తింటూ, "ఇవాళ ఎంతమందిని లోపలేశావు?" అని అడిగేవాడు. నవ్వుకోనీ. చదువుకున్నదాన్ని, నాకు తెలుసు అని నాకో ధీమా ఉండేది.

మా అమ్మకి చదువు రాదు. తెల్లవారకముందే హార్బర్లో వేలం దగ్గర నిలబడి చేపలు కొని, మధ్యాహ్నందాకా వీధుల వెంట అమ్ముకొస్తుంది. ఆవిడకి ఫోన్ కొనిచ్చి నేను నేర్పగలిగింది రెండే రెండు పనులు. ఎవరైనా చేస్తే ఎత్తడం, గ్రూపులో గొంతు వస్తే నొక్కి వినడం. పంపినవాళ్ళు ఎవరో పేరు పక్కనున్న బొమ్మ చూసి గుర్తుపడుతుంది. నా బొమ్మ నీలం చీరలో ఉంటుంది. రోజంతా అలిసిపోయి వచ్చి, గుమ్మంలో కాళ్ళు చాపుకుని, ఫోన్ని చెవికి ఆనించుకుని అందరి గొంతులూ వింటుంది. కొన్ని రెండేసిసార్లు వింటుంది. "ఎదర కూకోని మాటాడినట్టే ఉంతాది" అని మురిసిపోయేది.

శివరాత్రి వెళ్ళిన వారం. మా పెద్దతమ్ముడు, అంటే మా ఇంటి పెద్దోడు, బోటు మీద వేటకి పోయి ఆరు రోజులైంది. అమ్మ దగ్గరే ఉండే వాడి భార్యకి ఏడో నెల. స్కూల్లో రెండో పీరియడ్ అయి స్టాఫ్ రూములోకి వచ్చి ఫోన్ చూస్తే, ఎలమంచిలిలో ఉండే మా పిన్ని కూతురు ఓ వాయిస్ మెసేజ్ పంపి, కింద "అక్కా, ఇది మన పెద్దోడేనా?" అని రాసింది.

నొక్కాను. ఎవరో మగమనిషి. ఏడుస్తున్నాడు.

"బావా... పెద్దోడి తెప్ప తిరగబడిపోనాది బావా. ఇద్దరు ఈదుకొచ్చీసినారు. పెద్దోడు అగుపడ్డం నేదు. ఆ పిల్లకి ఇప్పుడే సెప్పకండి బావా..." తర్వాత గాలి చప్పుడు, ఎక్కిళ్ళు. అంతే.

అదే మాట టీవీలో వార్తలు చదివే గొంతుతో వచ్చుంటే నేను వంద ప్రశ్నలు వేసేదాన్ని. గట్టిగా అరిచి భయపెట్టే గొంతయినా పట్టేసేదాన్ని. ఇది మా నాన్న గొంతులా ఉంది, మా మేనమామ గొంతులా ఉంది. నేదు, పోనాది అంటూ మా యాసలో ఏడ్చే మనిషిని అనుమానించడం నాకు చేతకాలేదు. తమ్ముడికి ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. సముద్రంలో అంత దూరం పోయాక ఏ ఫోనూ అందదని పుట్టిన దగ్గర్నుంచీ తెలిసినదాన్ని, అయినా మళ్ళీ మళ్ళీ చేశాను. అమ్మకి చేశాను. ఎత్తలేదు. వీధుల్లో అమ్మకం మీదుంటుంది, సంచిలో ఉన్న ఫోన్ వినపడదు.

అప్పుడు నేను ఆ పని చేశాను. ఆ గొంతుని మా చుట్టాల గ్రూపులోకి పంపి, కింద "ఇది నిజమా? ఎవరికైనా తెలిస్తే వెంటనే చెప్పండి" అని టైపు చేశాను. అడగడానికే పంపాను. అబద్ధం పంచాలని కాదు. హెడ్మాస్టర్‌తో ఏం చెప్పానో గుర్తులేదు గాని, కూర్మన్నపాలెంలో దొరికిన బస్సెక్కేశాను.

బస్సులో కూర్చున్నాక ఆ గొంతు మళ్ళీ విన్నాను. మూడోసారి వినబోతుంటే కనిపించింది, మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు. అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. తొమ్మిదో తరగతి పిల్లలకి బోర్డు మీద సుద్దముక్కతో ఆ రెండు బాణాలూ గీసి చూపించిందాన్ని నేనే. ఈసారి జాగ్రత్తగా విన్నాను. ఏడుపు వెనక రేకుల మీద వాన కురుస్తున్న చప్పుడు. కిటికీ బయట చూస్తే మబ్బు తునక లేదు, కళ్ళు చెదిరే ఎండ. మా వైపు వాన పడి నెల దాటింది. ఇది ఎప్పటిదో, ఎక్కడిదో. ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. గ్రూపు తెరిచి, నేను పెట్టిన గొంతుని ఎవరికీ కనబడకుండా తుడిచేశాను. "పాతది. మనది కాదు. ఎవరూ నమ్మకండి" అని రాశాను. చిన్నాన్న ఒక్కడే జవాబిచ్చాడు, "నువ్వేనా అమ్మా పంపింది?" అని.

తల కొట్టేసినట్టయింది. పని చక్కబెట్టేశాను గదా, గాజువాకలో దిగి వెనక్కి వెళ్ళిపోతే నాలుగో పీరియడ్‌కి అందుకుంటాను అని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా. అమ్మకి చేస్తే ఎత్తడం లేదు. మరదలికి చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. ఫోన్ మోగితే అది ఎత్తకుండా ఉండదు. అందుకే దిగలేదు. పాతపోస్టాఫీసు దగ్గర దిగి, ఆటో పట్టుకుని పేటలోకి వెళ్ళాను.

సందు మొదట్లోకే మా ఇంటి టీవీ వినపడుతోంది. అంత చప్పుడు ఎప్పుడూ పెట్టరు. గుమ్మంలోకి వెళ్ళేసరికి మరదలు కింద కూర్చుని సీరియల్ చూస్తోంది, అమ్మ వెనక కూర్చుని దాని తలకి నూనె రాస్తోంది. అమ్మ తల ఎత్తింది. ఆ చూపు నేను మరిచిపోలేను. నా మొహంలో ఏదో వెతికి, అది కనబడిందనుకుని, గభాలున కళ్ళు దించేసుకుంది.

"వదినా, ఈయేల స్కూల్ నేదేటి?" అంది మరదలు సంబరంగా. "అత్తకి ఏటైందో సూడు. యాపారం మానీసి బేగొచ్చీసింది, ఒచ్చిన కాణ్ణించీ నన్ను లెగనీదు. అన్నం కలిపెట్టింది, కాళ్ళొత్తింది, ఇప్పుడు తలకి నూని. నా ఫోనేటో అగుపడ్డం నేదు, ఎతుకుతానంటే ఎతకనీదు."

అమ్మ లేచి, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో, పెదాలు కదిపీ కదపకుండా అడిగింది.

"సెవం దొరికిందేటి?"

పొద్దున పది దాటిన దగ్గర్నుంచి రెండు గంటలసేపు ఈ ముసలి మనిషి కొడుకు పోయాడనుకుంటూ కోడలికి అన్నం కలిపి పెట్టింది. 'ఆ పిల్లకి ఇప్పుడే సెప్పకండి' అన్నాడు గదా ఆ గొంతు. ఆ ఒక్క మాటా ఆజ్ఞలా పట్టుకుంది.

"లేదమ్మా! అది మనవాడు కాదు. ఎప్పటిదో పాతది. గ్రూపులో పెట్టాను గదా, నమ్మకండని!"

"ఎక్కడెట్టినావు? నా సెవిని పడనేదు."

"రాశానమ్మా..."

"రాసినావా?" అంది అమ్మ. కోపంగా కాదు. "నాకేటి రాయడం? నానేటి సదువుతాను?"

అప్పటిదాకా నేను సిగ్గు అనుకున్నది సిగ్గే కాదు. కబురు గొంతులో వెళ్ళింది, నా అనుమానం అక్షరాల్లో వెళ్ళింది. కబురు అమ్మకి చేరింది, అనుమానం చేరలేదు. తప్పు తెలుసుకుని దిద్దుకోవడం కూడా మళ్ళీ అక్షరాల్లోనే దిద్దుకున్నాను. ముప్ఫై మందిలో నేను పలకరించాల్సింది ఒక్క మనిషిని, ఆవిడ తప్ప అందరూ చదువుకున్నారు నా రాత.

"ఈదిలో బేసిన్ దించుకోని ఒకపాలి ఇన్నాను," అంది అమ్మ. "మనోడు కాదేమోననుకున్నాను. ఇంకోపాలి ఇన్నాను. మూడోపాలి నొక్కబోతే గొంతు నేదు. తీసీసినారు. నాకు తెల్దనుకొని నాకాడ దాసేత్తన్నారు, అంటే నిజమే అనుకున్నాను. కోడలి సెవిని పడకుండా రెండు ఫోన్లూ బియ్యం డబ్బాలో కూరీసి, టీవీ గట్టిగా ఎట్టీసినాను."

తుడిచేస్తే పోతుందనుకున్నాను నేను. తుడిచేసినందుకే నిజమైపోయింది.

నేను ఎన్ని చెప్పినా అమ్మ నమ్మలేదు. రెండు బాణాల సంగతి చెప్పాను. "బాణాలేటి?" అంది. వాన చప్పుడు గురించి చెప్పాను. "సంద్రం మీద వానెప్పుడు పడతాదో నీకేటి తెల్సు? నన్ను మబ్బెట్టకు గుంటా, నిజం సెప్పీ" అంది. ఇంక నాకు ఏం చెయ్యాలో తోచక, పిన్ని కూతురు పంపిన ఆ గొంతు నా ఫోన్లో ఇంకా ఉంటే, "నువ్వే విను" అని చేతికిచ్చాను. అమ్మ కుళాయి కట్టేసింది. గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఫోన్ని చెవికి నొక్కి పట్టుకుంది. పొద్దున విన్నట్టు ఏడుపుని కాదు, ఈసారి మాటల్ని విన్నట్టుంది. హఠాత్తుగా కళ్ళు తెరిచింది.

"తెప్ప అంతన్నాడే."

"ఆఁ?"

"తెప్ప తిరగబడింది అంతన్నాడు. మనోడు తెప్పెక్కి ఎన్నేళ్ళయిందే? ఆడు ఎల్లింది బోటు మీద గదా! ఓలమ్మ ఓలమ్మ! హార్బర్లో ఎవుడైనా బోటుని తెప్పంతాడేటి?"

ఎందుకు అంటారు? ఇసక మీంచి అలల్లోకి తోసుకుని వెళ్ళి, ఆ పూటకి తిరిగొచ్చేది తెప్ప. ఇంజను మీద నడుస్తూ, ఐసు ఎక్కించుకుని పది పదిహేను రోజులు లోపల తిరిగేది బోటు. మా పేటలో నడక వచ్చిన పిల్లలకి కూడా తెలిసిన తేడా. నేను మూడుసార్లు విని కూడా ఆ మాట దగ్గర ఆగలేదు. క్వార్టర్స్‌లో కాపురం పెట్టి ఇరవై ఏళ్ళు, నాకు రెండూ పడవలే అయిపోయాయి.

అమ్మకి సగం ప్రాణం వచ్చింది. మిగతా సగం కోసం చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని హార్బర్‌కి నడిచింది. నేను వెనక పరిగెత్తాను. మా తమ్ముడు పనిచేసే బోటు ఓనరు జెట్టీ దగ్గరే ఉన్నాడు. బోట్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్టు ఉంది ఆయన దగ్గర. దగ్గర్లో ఉన్న బోటుని పిలిచాడు, వాళ్ళు ఇంకా లోపలున్న బోటుని పిలిచి, అక్క మాట్లాడుతుందని మా వాడికి కబురు చెప్పారు. గరగర తప్ప ఏమీ వినపడని ఆ కాసేపూ అమ్మ నా భుజం వదల్లేదు. తర్వాత, ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు, వాడి గొంతు.

"అక్కా? ఏటైంది? ఇంటికాడ అందరూ బాగున్నారా? దానికేటైనా అయిందా? కడుపులో బిడ్డ బాగుందా?"

అయ్యో, అనుకున్నాను. ఇంటి నుంచి సెట్టులో పిలుపు వెళ్ళిందంటే ఏదో అయ్యుంటుందని వాడి భయం. నేను వదిలిన భయం సముద్రం మధ్యదాకా వెళ్ళి వాణ్ణీ తాకింది. నేను తడబడుతుంటే అమ్మ నన్ను పక్కకి నెట్టి ముందుకొచ్చింది.

"ఏటీ అవనేదు. తిన్నావా?"

"తిన్నానమ్మా."

"సరే," అంది అమ్మ. అంతే. వెనక్కి వచ్చి, ఆరేసిన వలల కుప్ప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని, తప్పయిపోయిందమ్మా, తప్పయిపోయిందమ్మా అంటూనే ఉన్నాను. ఇంత చదువు చదివీ ఆ ఒక్క మాట తప్ప ఇంకోటి దొరకలేదు.

"ఎవులో పంపితే నానెందుకు నమ్ముతాను?" అంది అమ్మ ముక్కు చీదుకుని. "మీ సిన్నాన్న పంపితే నమ్మను, మీ అత్త పంపితే అసలే నమ్మను. నీలం సీర బొమ్మ సూసినాను. నా గుంట పంపింది. అది ఊరికే పంపదు అనుకున్నాను."

ఎవరూ నన్ను అంత మెచ్చుకోలేదు, ఎవరూ అంత దెబ్బా కొట్టలేదు. ఆవిడకి రెండూ తెలియవు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. ఇంటికి వెళ్ళాక బియ్యం డబ్బాలోంచి ఫోన్లు తీసి, గింజలు దులిపి, మరదలికి దాని ఫోన్ ఇస్తూ "డబ్బాలో పడిపోనాదే, సూసుకోవద్దా?" అని దాన్నే కసిరింది.

నేను బస్సుకి బయల్దేరుతుంటే సందు చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగి అడిగింది.

"మనోడు బాగున్నాడు. మరి ఆ పెద్దోడు?"

"ఏ పెద్దోడమ్మా?"

"ఆడే. తెప్ప తిరగబడినోడు. ఆ ఏడిసినోడు ఉత్తినే ఏడవనేదు గదా. దొరికినాడేటి ఆ పిల్లడు? కనుక్కో. నీకు ఫోన్లో అన్నీ తెలుత్తాయి గదా."

అబద్ధం, అబద్ధం అని ఊరంతా రాసుకొచ్చాను నేను. అది అబద్ధం కాదు. ఎప్పుడో, ఎక్కడో, వాన కురిసే ఒక రోజు ఒక మనిషి నిజంగా ఏడ్చాడు. అది నాకు తట్టనే లేదు.

కనుక్కుందామని చూశాను. పిన్ని కూతురికి పంపింది వాళ్ళ వీధిలో బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడకి పంపింది వాళ్ళ తమ్ముడు. అతనికి పంపింది మా హార్బర్ దగ్గర పాత ఊళ్ళోనే తాళ్ళూ వలదారం అమ్మే ఒక ముస్లిం పెద్దాయన. ఆ కొట్టుకి వెళ్ళాను. కోపంగా వెళ్ళాను, అబద్ధమెందుకు. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, "ఎవరి బిడ్డో పాపం, నలుగురూ దువా చేస్తారని పంపాను బేటీ" అన్నాడు. వెతుక్కుంటూ పోయినంత దూరం అందరూ అలాంటివాళ్ళే. జాలిపడి పంపారు. ఎప్పటిదని ఏ ఒక్కరూ అడగలేదు. ఆయనకి పంపిన లారీ డ్రైవరు నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. దారి అక్కడ తెగిపోయింది.

తమ్ముడు వచ్చాడు, మరదలికి ఆడపిల్ల పుట్టింది, దానికి బారసాలలో చక్కటి పేరు పెట్టి ఆ సాయంత్రం నుంచే గుంట అనడం మొదలెట్టారు. అమ్మ మాత్రం నేను వెళ్ళిన ప్రతిసారీ అడిగేది, తెలిసిందేటి అని. లేదమ్మా అంటే "సరేలే" అనేది. ఆ సరేలే నేను భరించలేకపోయాను. ఒక ఆదివారం, చేపల బేసిన్ తోముతూ మళ్ళీ అడిగింది.

"దొరికాడమ్మా," అనేశాను. "ఒడ్డుకి కొట్టుకొచ్చాడట. బాగానే ఉన్నాడట."

అమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. మొహం విప్పారింది. ఆ మొహం చూసి, ఈ ఒక్క మంచిపని ముందే ఎందుకు చెయ్యలేదా అనుకున్నాను.

"ఎవులు సెప్పినారు?" అంది.

నేను చెంబు అందుకుని బేసిన్‌లో నీళ్ళు పోశాను.

"ఏ ఊరంట? ఆడి తల్లి ఉందంటేటి?"

ఇంకో చెంబు పోశాను. అమ్మ నన్ను కాసేపు చూసి, మళ్ళీ బేసిన్ తోమడం మొదలుపెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"నాకోసరం సెప్పినావు, నాకు తెల్సులే," అంది. "తెలీకపోతే తెలీదనే సెప్పు గుంటా. ఇంకా దొరకనేదు అంటే రోజూ ఒకపాలి ఆడికోసరం దణ్ణం ఎట్టుకుంతాను. దొరికీసినాడని నువ్వంటే మానేత్తాను గదా."

"తెలీదమ్మా," అన్నాను.

అమ్మ తల ఊపింది. బేసిన్ బోర్లించి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.